కాలువకు యజమాని ఎవరు? వలెన్సియా నీటి వంతులపై ఒక పునర్విచారణ

నీటిపారుదల చరిత్ర రాసేటప్పుడు మనకొక పాత అలవాటుంది. చెరువు అనగానే కట్టించిన రాజు పేరు వెతుకుతాం. రామప్ప, పాకాల అనగానే కాకతీయులు. శాసనం దొరికితే వ్యాసం పూర్తయినట్టే. తూము ఎత్తిందెవరు, కరువు ఏట చివరి మడికి నీళ్లు చేర్చిందెవరు అన్న ప్రశ్న ఆ వ్యాసాల్లో కనబడదు. పొలాలకు నీళ్లు పంచే నీరుగంటి ఇంట పుట్టినవాణ్ణి కనుక ఈ లోటు నాకు కొంచెం ఎక్కువగానే నొప్పి కలిగిస్తుంది.

ఈ అలవాటుకు సిద్ధాంతబలం సమకూర్చినవాడు కార్ల్ విట్‌ఫోగెల్. 1957లో వచ్చిన ‘ఓరియంటల్ డెస్పాటిజం’లో ఆయన వాదన ఇది: పెద్ద కాలువలకు పెద్ద ఎత్తున కూలిజనం కావాలి, వాళ్లను నడపడానికి ఉద్యోగగణం కావాలి, ఆ గణం నెత్తిన నిరంకుశ ప్రభువు తప్పడు. ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్‌ను కూడా ఆయన ఇదే గాటన కట్టాడు. థామస్ గ్లిక్ 1970లో మధ్యయుగపు వలెన్సియా సాగునీటిపై రాసిన గ్రంథం దీనికి చాలావరకు జవాబు చెప్పింది. అయినా మన సదస్సుల్లో విట్‌ఫోగెల్ పేరెత్తకుండానే ఆయన మాట చెల్లుబాటవుతోంది. అందుకే మళ్లీ గ్లిక్ రాసిన ఆ వలెన్సియా కాలువ దగ్గరికే వెళ్లి వాదించవలసి వచ్చింది.

స్పెయిన్ తూర్పు తీరంలోని వలెన్సియాలో ఏడాదికి కురిసే వాన ఇంచుమించు 450 మిల్లీమీటర్లు, మన అనంతపురం కంటే తక్కువ. వేసవిలో చినుకు అరుదు, శరదృతువులో ఒక్కపెట్టున వరద ముంచుతుంది. ఈ నేలను తోటగా మార్చింది తూరియా నది నుంచి చీలిన కాలువలు. ఆ సాగుభూమిని స్థానికులు ‘ఓర్తా’ అంటారు. కాలువకు వాళ్ల మాట ‘సేకియా’. అది అరబ్బీ ‘సాఖియా’.

నగర ప్రధాన చర్చికి ‘అపొస్తలుల ద్వారం’ అని ఒక తలుపుంది. ప్రతి గురువారం పన్నెండు గంటలు కొట్టగానే దాని ముందు నీటి పంచాయతీ కూర్చుంటుంది. నేను చూసిన రోజున ఎనిమిది కాలువల ప్రతినిధులు నల్లటి రైతు అంగీలతో వచ్చి అర్ధచంద్రాకారంగా వేసిన కుర్చీల్లో కూర్చున్నారు. బంట్రోతు చేతిలో ఇత్తడి కొక్కెం ఉన్న కర్ర. కాలువలో కొట్టుకొచ్చిన చెత్తను లాగే పనిముట్టు అది, ఇప్పుడు అధికార చిహ్నం. అతను ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, దానిమీద ఫిర్యాదున్నవాళ్లు రావాలన్నాడు. క్వార్త్, బెనాజర్-ఫైతనార్, తోర్మోస్, మిస్లాతా, మెస్తల్యా, ఫవారా, రస్కాన్యా, రోవెల్లా. ఎవరూ రాలేదు. కొన్ని నిమిషాల్లోనే సభ ముగిసింది. ఫిర్యాదు వచ్చిన రోజున వకీళ్లుండరు, వాదనల కాగితాలుండవు. ముద్దాయి ఏ కాలువ రైతో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. ఎడమ గట్టువాడి తగవును కుడి గట్టువాళ్లు, కుడి గట్టువాడి తగవును ఎడమ గట్టువాళ్లు తేలుస్తారు. ఆ పేర్ల పిలుపు వింటుండగా నాకు తట్టిన ఊహే ఈ వ్యాసానికి మూలం: ఈ వ్యవస్థ చరిత్ర శాసనాల్లో కంటే దాని మాటల్లోనే భద్రంగా ఉంది.

మాటలనే చూద్దాం. ఆనకట్ట ‘అసుత్’, అరబ్బీ ‘సుద్ద్’. వంతు ‘అదోర్’, అరబ్బీ ‘దౌర్’. కాలువ పెద్దను పాత పత్రాలు ‘సబాసేకియా’ అంటాయి. అది ‘సాహిబ్ అల్ సాఖియా’. మనకు బాగా తెలిసిన సాహెబే అక్కడ కాలువ గట్టున నిలబడ్డాడు. చుట్టూ ఉన్న ఊళ్లు బెనిమాక్లెత్, బెనికలాప్, బెనిమామెత్, బెనిఫెర్రీ. ‘బెనీ’ అంటే ఫలానావాడి సంతతి. మన ‘రెడ్డివారిపల్లె’లో ‘వారి’ చేసే పనే అక్కడ ‘బెనీ’ చేస్తుంది. ఫవారా అన్న కాలువ పేరును హవ్వారా అనే బెర్బరు తెగకు ముడిపెడతారు. చరిత్రకారుడు పియెర్ గిషార్ 1970లలో చూపినట్టు ఇక్కడ స్థిరపడినవాళ్లు వంశాలుగా, తెగలుగా వచ్చినవాళ్లు. ఈ ఊళ్ల పేర్లలో రాజు లేడు, ఉద్యోగి లేడు. వంశం ఉంది, ఊరుంది, వంతుంది.

పంపకం లెక్క ఇంకా గట్టి సాక్ష్యం. తూరియా నీటిని సంప్రదాయంగా 138 ‘ఫిలా’లుగా భాగించారు. పంచాయతీలో లేని మొంకాదా కాలువకు 48, మిస్లాతా, తోర్మోస్‌లకు పదేసి, క్వార్త్, బెనాజర్-ఫైతనార్‌లకు కలిపి పద్నాలుగు, తక్కిన నాలుగింటికి పద్నాలుగేసి. ఫిలా అంటే ఇన్ని ఘనపుటడుగులని కాదు. అది పాలు. నది నిండుగా ఉంటే పాలు పెరుగుతుంది, ఎండితే అందరికీ ఒకే దామాషాలో తరుగుతుంది. కొలిచే అధికారి అక్కర్లేదు. కాలువను చీల్చే రాతి ‘నాలుక’ చాలు. విట్‌ఫోగెల్ ఊహించిన ఉద్యోగగణం చేయవలసిన పనిని ఇక్కడ ఒక రాయి చేస్తోంది.

1238లో క్రైస్తవ రాజు మొదటి జౌమె ముస్లింల నుంచి వలెన్సియాను గెలిచాడు. ఏడాది తిరిగేసరికి, 1239 డిసెంబరులో, మొంకాదా తప్ప తక్కిన కాలువలన్నీ నగరవాసులకు ధారపోశాడు. ముస్లింల కాలంలో ఎలా పారించేవారో అలాగే పారించుకోమన్నాడు. తనకు ఉంచుకున్న మొంకాదాను కూడా 1268లో దాని రైతులకే ఇచ్చేశాడు. పొలాలు చేతులు మారాయి, మతం మారింది, భాష మారింది, వంతు మారలేదు. గెలిచిన రాజు ఓడినవాళ్ల అలవాటునే చట్టం చేశాడంటే ఆ అలవాటు రాజుల కంటే పెద్దదన్నమాట.

అభ్యంతరాలు లేకపోలేదు: రోమన్లు ఇక్కడ ముందే కాలువలు తవ్వి ఉండవచ్చు, ఈ పంచాయతీ 960లో పుట్టిందన్న ఐతిహ్యానికి ఆనాటి పత్రం లేదు, హూకర్ నది మీది పెద్ద కాలువను జౌమె రాజే తవ్వించాడు. ఇవేవీ పై వాదాన్ని కదిలించవు.

ఈ సంగతి మనకు కొత్త కాకూడదు. రాబర్ట్ వేడ్ ‘విలేజ్ రిపబ్లిక్స్’ (1988) కర్నూలు జిల్లా కాలువ గ్రామాల మీద వచ్చినదే. ఊరుమ్మడి నిధి, ఊరు పెట్టుకున్న నీరుకట్లు (నీళ్లు పారించేవాళ్లు), ప్రభుత్వం ఊసు లేని కట్టుబాటు ఆయన అక్కడ చూశాడు. అవి కాలువ మొదట్లో కంటే చివరి ఆయకట్టు ఊళ్లలోనే గట్టిగా కనిపించాయి. కట్టుబాటును పుట్టించేది కొరత. వలెన్సియా, కర్నూలు రెండింటినీ తన సిద్ధాంతంలో వాడుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. గురువారపు పంచాయతీని యునెస్కో గుర్తించిందీ ఆ ఏడాదే.

ఇంకో అడుగు వేస్తాను. మార్చిలో వలెన్సియా వీధుల్లో బొమ్మలు కట్టి తగలబెట్టే ఫాల్యాస్ పండుగను నడిపేవి పేటల వారీ సంఘాలు. ఏడాది పొడవునా చందా, తలా ఒక పని. అల్బొరాయా పొలాల్లో మన తుంగగడ్డకు దాయాది అయిన చూఫా పండించి, ఓర్చాతా పానీయం చేసే రైతు బతికేదీ వంతు మీదే. వలెన్సియా సంస్కృతి మొత్తం కాలువ గట్టున నేర్చిన క్రమశిక్షణే అని నా అభిప్రాయం. నీళ్లు పంచుకోవడం నేర్చిన జనానికి రాజు నేర్పగలిగింది ఎక్కడా ఏమీ లేదు.

కాబట్టి మన పరిశోధకులు శాసనాన్ని కాసేపు పక్కన పెట్టి కట్ట దిగాలి. నీరుగంటి, నీరడి, తూము, అలుగు, వంతు, దశబంధం, చివరి మడి: ఈ మాటలు ఏ ఊళ్లో ఏ అర్థంలో పలుకుతున్నారో రాసుకోవాలి. బోరుబావులు వచ్చిన ఊళ్లలో మా తాత పని పేరు ఇప్పటికే పిల్లలకు తెలియదు. వలెన్సియాలో ఆ పని కొక్కేనికి ఇప్పటికీ గురువారం గురువారం కొలువుంది.