వసూళ్లు ఒకటి... పురస్కారం మరొకటి
జనాదరణ చిత్రాల ఎంపిక జరిగే తీరు ఇదీ

కారంపూడి: పల్నాటి వీరుల గాథకు తెలుగు తెరతో అనుబంధం పాతది. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించిన ‘పల్నాటి యుద్ధం’ చిత్రాన్ని ఆయన మరణానంతరం ఎల్‌.వి.ప్రసాద్‌ పూర్తిచేయగా 1947లో విడుదలైంది. అందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడిగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడిగా నటించారు. 1966లో అదే పేరుతో గుత్తా రామినీడు తీసిన చిత్రంలో ఎన్‌.టి.రామారావు, భానుమతి బ్రహ్మనాయుడు, నాగమ్మ పాత్రలు ధరించారు. ఆపైన ‘పల్నాటి సింహం’ (1985), ‘పల్నాటి పౌరుషం’ (1994), ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003) వంటి చిత్రాలు ఈ సీమ పేరునే పెట్టుకుని జనంలోకి వచ్చాయి. కార్తీకంలో నాగులేటి ఒడ్డున వీరారాధనోత్సవాలు జరుపుకునే కారంపూడికి సినిమా పరాయిది కాదు. అయితే ఇక్కడి ప్రేక్షకులు ఎగబడి చూసిన చిత్రానికి పురస్కారం రాకపోవడం, ఎవరూ అంతగా చూడని చిత్రానికి రావడం ఏటా చర్చకు వస్తూనే ఉంటుంది. ఈ నేపథ్యంలో పురస్కారాల ఎంపిక ఎలా జరుగుతుందో పరిశీలిస్తే ఆసక్తికరమైన అంశాలు కనిపిస్తాయి.

దరఖాస్తు లేనిదే పరిశీలన లేదు

ప్రభుత్వ పురస్కారాలకు చిత్రాలను ఎవరో వెదికి తెచ్చి పెట్టరు. నిర్మాత స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. ఎంత ఘనవిజయం సాధించిన చిత్రమైనా దరఖాస్తు రాకపోతే న్యాయనిర్ణేతల ముందుకు రాదు. జాతీయ పురస్కారాలకైతే ఆంగ్ల ఉపశీర్షికలతో ప్రతిని సమర్పించడం కూడా తప్పనిసరి.

రెండో నిబంధన సంవత్సరానికి సంబంధించినది. చాలామంది పొరబడేది ఇక్కడే. చిత్రం విడుదలైన తేదీని కాక, సెన్సారు ధ్రువపత్రం పొందిన తేదీని లెక్కలోకి తీసుకుంటారు. కె.విశ్వనాథ్‌ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు సమర్పించిన ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. కానీ 1979 సంవత్సరపు చిత్రంగా జాతీయ పురస్కారాలు గెలుచుకుంది. 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ కూడా ఇలాగే 2016 చిత్రాల జాబితాలో చేరింది.

జాతీయ స్థాయిలో ఎంపిక రెండంచెలుగా సాగుతుంది. అయిదు ప్రాంతీయ కమిటీలు తమ తమ భాషల చిత్రాలను చూసి కొన్నింటిని సిఫారసు చేస్తాయి. దక్షిణాదికి రెండు కమిటీలు ఉండగా తెలుగు, కన్నడ చిత్రాలు ఒకదాని పరిధిలోకి వస్తాయి. ఆపై కేంద్ర కమిటీ తుది నిర్ణయం తీసుకుంటుంది. గతంలో చలనచిత్రోత్సవాల డైరెక్టరేట్‌ నిర్వహించిన ఈ బాధ్యత 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థకు బదిలీ అయింది.

‘ఆరోగ్యకరమైన వినోదం’ అంటే...

జనాదరణ పొందిన చిత్రాలకు జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక విభాగం 1975 చిత్రాలతో మొదలైంది. తొలి పురస్కారం హిందీ చిత్రం ‘తపస్య’కు దక్కింది. ఈ విభాగం పూర్తి పేరు ‘ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రం’. పేరులో రెండు షరతులున్నాయి. జనం చూడాలి, చూసినది ఆరోగ్యకరమై ఉండాలి. మొదటిదానికి వసూళ్ల హద్దు ఏదీ లేదు. రెండోదానికి కొలబద్ద అసలే లేదు. రెండూ కమిటీ సభ్యుల విచక్షణకే వదిలివేశారు.

ఫలితం ఎలా ఉంటుందో ఇద్దరు విజేతలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2011కు ఈ పురస్కారం పొందిన తమిళ చిత్రం ‘అళగర్‌సామియిన్‌ కుదిరై’ ఒక పల్లె, ఒక గుర్రం చుట్టూ తిరిగే చిన్న చిత్రం. 2017కు అదే పురస్కారం ‘బాహుబలి-2’కు వెళ్లింది. వీటి వసూళ్ల మధ్య పోలికే లేదు. ‘శంకరాభరణం’ సంగతీ ఇలాంటిదే. తొలి రోజుల్లో ఖాళీ కుర్చీలతో నడిచి, ఆ నోటా ఈ నోటా పడి జనాన్ని రప్పించుకున్న ఆ చిత్రం ఈ విభాగంలోనే స్వర్ణకమలం సాధించింది. ఇటీవలి కాలంలో ‘శతమానం భవతి’, ‘మహర్షి’ (2019), ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ (2021) కూడా ఇందులో విజేతలయ్యాయి. ‘బాహుబలి’ మొదటి భాగం మాత్రం 2015కు ఏకంగా జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ఆ గౌరవం దక్కిన తొలి తెలుగు చిత్రం అదే.

వంద రోజుల లెక్క

వసూళ్లనే ప్రమాణంగా తీసుకోరాదా అన్న ప్రశ్న సహజం. చిక్కల్లా లెక్క దగ్గరే. మన దేశంలో సినిమా వసూళ్లను తనిఖీ చేసి ప్రకటించే అధికారిక సంస్థ లేదు. పోస్టర్లపై కనిపించే కోట్లు నిర్మాతలు, పంపిణీదారులు చెప్పేవే. పూర్వం రోజులతో కొలిచేవారు. యాభై రోజులు, వంద రోజులు, సిల్వర్‌ జూబ్లీ అంటూ కేంద్రాల జాబితా ప్రకటించి, థియేటర్లకు జ్ఞాపికలు పంచేవారు. ఆ లెక్కా నిక్కచ్చిగా ఉండేదని చెప్పలేం. ప్రేక్షకులు పలచబడినా అభిమానుల పట్టుదలతో రోజుకు ఒక్క ఆటతో వందో రోజుకు ఈడ్చిన సందర్భాలు పాతతరం ప్రేక్షకులకు గుర్తుండే ఉంటాయి. పైగా మొదటి వారంలోనే వందల థియేటర్లలో విడుదలై వసూళ్లు రాబట్టుకునే ఈ రోజుల్లో వంద రోజుల మాటే వినిపించడం లేదు.

వసూళ్లను సూటిగా ప్రమాణం చేసిన ఉదాహరణ విదేశాల్లో ఉంది. 2024లో గోల్డెన్‌ గ్లోబ్‌ నిర్వాహకులు బాక్సాఫీసు విజయానికి ప్రత్యేక విభాగం పెట్టారు. 15 కోట్ల డాలర్ల వసూళ్లు, అందులో 10 కోట్లు అమెరికాలోనే రావాలన్నది హద్దు. తొలి పురస్కారం ‘బార్బీ’కి దక్కింది. ఆస్కార్‌ అకాడమీ మాత్రం 2018 ఆగస్టులో జనాదరణ చిత్రాల విభాగాన్ని ప్రకటించి, విమర్శలు రావడంతో నెల రోజుల్లోనే పక్కన పెట్టింది. 2023లో ‘నాటు నాటు’కు వచ్చిన ఆస్కార్‌ కూడా ప్రేక్షకుల ఓట్లతో వచ్చినది కాదు. పాటల విభాగంలో నామినేషన్లను సంగీత విభాగపు సభ్యులు నిర్ణయించగా, విజేతను అకాడమీ సభ్యులందరూ ఓటు ద్వారా ఎన్నుకుంటారు.

ప్రేక్షకులకు ఓటు ఉన్నది ప్రైవేటు పురస్కారాల్లోనే. పాఠకుల ఓట్లతో 1954లో మొదలైన ఫిలింఫేర్‌, 2012లో మొదలైన సైమా ఈ కోవకు చెందినవి. అభిమాన సంఘాలు బలంగా ఉన్న కథానాయకుడికి ఇక్కడ మొగ్గు ఉంటుందనడంలో ఆశ్చర్యం లేదు.

నంది నుంచి గద్దర్‌ వరకు

లేపాక్షి నంది పేరిట ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 1964 నుంచి పురస్కారాలు ఇచ్చింది. తొలి బంగారు నంది ‘డాక్టర్‌ చక్రవర్తి’ది. నందుల్లోనూ జనాదరణ చిత్రానికి వేరే విభాగం ఏర్పడింది. ‘మగధీర’ (2009), ‘దూకుడు’ (2011), ‘అత్తారింటికి దారేది’ (2013) అందులో విజేతలు. 2016కు ఈ విభాగంలో నంది ‘జనతా గ్యారేజ్‌’కు రాగా, అదే ఏడాదికి జాతీయ స్థాయిలో అదే విభాగపు పురస్కారం ‘శతమానం భవతి’కి వచ్చింది. ఏడాది ఒకటే, విభాగం ఒకటే, కమిటీలు వేరు. దీన్ని పక్షపాతమనడం తొందరపాటవుతుంది. కమిటీ అన్నాక పదిమంది అభిరుచి తప్పదు.

అయితే అభ్యంతరాలన్నీ నిరాధారమని కొట్టివేయలేం. 2014, 2015, 2016 సంవత్సరాల నందులను ప్రభుత్వం 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించినప్పుడు పరిశ్రమలో దుమారం రేగింది. కాకతీయ రాణి కథతో తీసిన తన ‘రుద్రమదేవి’ని ఎందుకు విస్మరించారంటూ దర్శకుడు గుణశేఖర్‌ బహిరంగంగా ప్రశ్నించారు. కమిటీలు తమ ఎంపికకు కారణాలను వివరంగా వెల్లడించి ఉంటే ఆ వివాదం అంతగా ముదిరేది కాదేమో. మూడేళ్ల పురస్కారాలను ఒక్కరోజున ప్రకటించడం కూడా అనుమానాలకు తావిచ్చింది.

ఆ తరువాతి చిత్రాలకు నందులు ఏళ్ల తరబడి ప్రకటన కాలేదు. నాటకాలకు మాత్రం 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవం జరిగింది. మరోవైపు తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్‌ పేరిట సినిమా పురస్కారాలను ప్రారంభించింది. 2024కు ‘కల్కి 2898 ఏడీ’ని ఉత్తమ చిత్రంగా ఎంపిక చేయడంతో పాటు, 2014 నుంచి 2023 వరకు గడిచిన పదేళ్లకూ ఏడాదికొక ఉత్తమ చిత్రాన్ని ప్రకటించింది. ఆ జాబితాలో 2015కు ఎంపికైన చిత్రం ‘రుద్రమదేవి’.