పళ్ళ క్లిప్పులు: చరిత్ర, సందేహాలు

వంకరగా, ఎత్తుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి మొలిచిన పళ్ళను తీగల బిగింపుతో మెల్లగా జరిపి వరసలోకి తెచ్చే సాధనాలను తెలుగునాట క్లిప్పులు అంటారు. ఇంగ్లీషులో బ్రేసెస్. ఈ వైద్యశాఖ పేరు ఆర్థోడాంటిక్స్. ఏ వయసులో వేయించాలి, మంచి పళ్ళు పీకక తప్పదా, నొప్పి ఎంత, పెద్దయ్యాక కుదురుతుందా, తీసేశాక మళ్ళీ వంకరపోతాయా అని దంతవైద్యుడి కుర్చీ పక్కన నిలబడి అడిగే ప్రశ్నలేవీ కొత్తవి కావు. వీటిలో కొన్నింటి మీద వైద్యులే తరాల తరబడి తగాదా పడ్డారు. క్లిప్పుల చరిత్రలో చాలా భాగం ఆ తగాదాల చరిత్రే.

తొలి ప్రయత్నాలు

క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ తన వైద్యగ్రంథంలో ఒక చిన్న చిట్కా చెప్పాడు. పాలపన్ను ఊడకముందే పక్కన అసలు పన్ను తొంగిచూస్తే, పాలపన్ను తీసేసి, కొత్తది తన చోటికి చేరేదాకా రోజూ వేలితో నెట్టాలి. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన తరాలు మనవి. ఊడకుండా మొండికేసిన పాలపన్నును ఏం చేయాలన్నది సెల్సస్ చూసుకున్నాడు. పాలపన్ను సమయానికి కదలకపోతే చూపించుకోమని వైద్యులు ఇప్పటికీ అంటారు.

ఇటలీలో ప్రాచీన ఎట్రస్కన్ జాతి సమాధుల్లో బంగారు పట్టీలు చుట్టిన పళ్ళు దొరికాయి. వాటిని తొలి క్లిప్పులని రాసేవారున్నారు కానీ అది సరికాదు. ఆ పట్టీలు కదిలే పళ్ళను, కట్టుడు పళ్ళను పట్టి ఉంచడానికీ అలంకారానికీ వాడినవి, పన్నును జరిపేవి కావు.

పన్నును జరపడానికే తయారైన పరికరాన్ని వివరించిన తొలి ప్రముఖుడు ఫ్రాన్సుకు చెందిన పియేర్ ఫోషార్. 1728లో వెలువడిన అతని గ్రంథం ఆధునిక దంతవైద్యానికి మూలగ్రంథంగా పేరుపడింది. గుర్రపు లాడం ఆకారంలో వంచిన బంగారు లేదా వెండి రేకుకు బెజ్జాలు పెట్టి, వాటిలోంచి దారం తీసి వంకర పళ్ళను రేకుకు కట్టేవాడు. రేకు పన్నును తనవైపు లాగుతుంది. ఓపిక లేని సందర్భాల్లో పటకారుతో పన్నును ఒక్కసారిగా తిప్పి, పక్క పళ్ళకు కట్టేసిన ఉదంతాలూ ఆ పుస్తకంలో ఉన్నాయి. మత్తుమందు లేని రోజులవి.

1860లో అమెరికాలో ఎమర్సన్ ఏంజెల్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ళ అమ్మాయి అంగిట్లో ఒక స్క్రూ అమర్చి, రోజూ కొద్దికొద్దిగా తిప్పిస్తూ రెండు వారాల్లో పై దవడను వెడల్పు చేశానని ప్రకటించాడు. తోటివాళ్ళు నమ్మలేదు. అంగిలి ఎముక నడిమి అతుకు చిన్న వయసులో పూర్తిగా బిగుసుకోదు కాబట్టి విడదీయవచ్చని తర్వాత రుజువై, అదే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. ఏ వయసులో తీసుకురావాలన్న ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. తొలి పరీక్ష ఏడేళ్ళకే చేయించమని అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం సూచిస్తుంది. ఏడేళ్ళకే క్లిప్పులు వేస్తారని దానికి అర్థం కాదు. దవడ ఇరుకుగా ఉన్నా, కింది పళ్ళు పై పళ్ళకు ముందుకొచ్చినా, బొటనవేలు చీకే అలవాటు పళ్ళను ముందుకు తోస్తున్నా ఎముక పెరిగే కాలంలోనే సరిచేయవచ్చు. మామూలు వంకరలకైతే పాలపళ్ళు ఊడిపోయే పదకొండు, పన్నెండేళ్ళ దాకా ఆగడమే ఎక్కువ.

ఏంగిల్, అతని పట్టుదల

ఈ శాఖకు ఒక రూపం ఇచ్చినవాడు ఎడ్వర్డ్ ఏంగిల్ (1855-1930). 1899లో అతను చేసిన వర్గీకరణ నేటికీ ప్రతి దంత కళాశాలలో మొదటి పాఠం. దానికి ఆధారం ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వరసకు వెనక, ఏదీ ఊడకుండానే వచ్చే మొదటి దవడ పన్ను. పైనా కిందా ఉన్న ఆ పళ్ళు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయన్నదాన్ని బట్టి మూడు తరగతులు చేశాడు. ఇంత కీలకమైన పన్నును కూడా పాలపన్నే అనుకుని, పుచ్చినా ఊడిపోతుందిలే అని వదిలేసే తల్లిదండ్రులు ఇప్పటికీ కనిపిస్తారు. అది ఊడదు, పోతే మరొకటి రాదు.

1900లో సెయింట్ లూయిస్‌లో ఏంగిల్ ఈ విద్యకే ప్రత్యేకంగా ఒక బడి పెట్టాడు. 1928లో ప్రకటించిన ఎడ్జ్‌వైజ్ బ్రాకెట్ అతని చివరి పని. చిన్న లోహపు దిమ్మ, దాని మధ్య అంగుళంలో వెయ్యింట 22 వంతుల ఎత్తు, 28 వంతుల లోతు ఉన్న గాడి, ఆ గాడిలో కూర్చునే పలకల తీగ. గుండ్రటి తీగ పన్నును పక్కకు నెట్టగలదు, వేరును కోరినట్టు వంచలేదు. పలకల తీగ ఆ పని కూడా చేసింది. నేటి క్లిప్పుల గాడి కొలతల్లో 22 ఇంకా చెలామణిలోనే ఉంది.

అయితే ఏంగిల్‌కు ఒక పట్టు ఉండేది. మనిషికి పుట్టుకతో వచ్చిన పళ్ళన్నీ దవడలో ఇముడుతాయి, ఒక్కటీ పీకకూడదు అనేవాడు. అందమైన ముఖానికి నమూనాగా బెల్విడేర్ అపోలో శిల్పాన్ని చూపేవాడు. తోటి దంతవైద్యుడు క్యాల్విన్ కేస్ దీనికి ఒప్పుకోలేదు. దవడలో చోటు లేని కొందరికి పళ్ళు తీయక తప్పదన్నాడు. 1911లో కేస్‌కూ ఏంగిల్ పక్షాన మార్టిన్ డ్యూయీకీ జరిగిన వాదం దంతవైద్య చరిత్రలో నిలిచిపోయింది. ఆనాటికి గెలుపు ఏంగిల్ వర్గానిదే అయింది. చివరికి తీర్పు మార్చింది అతని శిష్యులే. అరిజోనాలో చార్లెస్ ట్వీడ్ గురువు మాట మీద ఏ పన్నూ పీకకుండా చికిత్స చేశాడు. పళ్ళు ముందుకు పొడుచుకొచ్చి, కొంతకాలానికి మళ్ళీ వంకరపోయాయి. ఆ రోగులకే నాలుగు చిన్న దవడ పళ్ళు తీసి మళ్ళీ ఉచితంగా చికిత్స చేసి, 1940 ప్రాంతంలో రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మరో శిష్యుడు రేమండ్ బెగ్ కూడా వేరే దారిన అదే నిర్ణయానికి వచ్చాడు. అక్కడి ఆదివాసుల పళ్ళు గరుకు తిండి వల్ల అరిగి ఒకదానికొకటి చోటిస్తున్నాయని, మెత్తటి తిండి తినే మనకు ఆ అరుగుదల లేదని అతని వాదం.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు పళ్ళు పీకడం మరీ ఎక్కువైంది. ఇప్పుడు లోలకం మధ్యకు వచ్చింది. చోటు ఎంత తక్కువుందో కొలిచి, పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రే చూసి నిర్ణయిస్తారు. ఆ ఎక్స్‌రే పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ విడివిడిగా ప్రకటించారు. ‘మా అబ్బాయికి నాలుగు మంచి పళ్ళు పీకమంటున్నారండీ’ అని బెంగపడే తల్లికి ఇవ్వదగిన సలహా ఒక్కటే: కొలతలు చూపించమని అడగడం. కొలతలు చూపకుండా పీకుతామన్నా, పీకనే పీకమన్నా నమ్మదగింది కాదు.

పన్ను ఎలా జరుగుతుంది, నొప్పి ఎందుకు

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో పావు వంతు మందాన సన్నటి తంతువుల పొర ఉంటుంది. నెట్టినవైపు ఆ పొర నలిగి, అక్కడి కణాలు ఎముకను కరిగిస్తాయి. లాగినవైపు కొత్త ఎముక పుడుతుంది. స్వీడన్‌కు చెందిన సాండ్‌స్టెట్ 1904లో కుక్కల మీద ప్రయోగించి దీన్ని సూక్ష్మదర్శినిలో చూపించాడు. బలం మరీ ఎక్కువైతే ఆ పొరలో రక్తప్రసరణ ఆగి, పన్ను కదలడమే మానేస్తుందని కూడా తేలింది. గట్టిగా బిగిస్తే త్వరగా అయిపోదా అన్న ప్రశ్నకు జవాబు అదే. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అందుకే చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది.

తీగ మార్చిన రోజు సాయంత్రం మొదలయ్యే సలుపు మూడు నుంచి అయిదు రోజుల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ. జంతికలు, పల్లీ చిక్కీ, చెరకు ముక్క చికిత్స ముగిసేదాకా మరిచిపోవాలి. ఆవకాయ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఊట కలుపుకుంటే ఇబ్బంది లేదు, టెంకతో ఉన్న ముక్కను కొరికితే బ్రాకెట్ ఊడి అన్నంలో పడుతుంది. పసుపు మరో చిక్కు. పారదర్శకమైన రబ్బరు ఉంగరాలు వేయించుకుంటే కూరల్లోని పసుపుకు కొద్దిరోజుల్లోనే పచ్చబడతాయి. క్లిప్పులు కనపడకూడదని ఎక్కువ డబ్బు పెట్టి తెల్లటి పింగాణీవి వేయించుకున్నవారికి ఇది ముందే చెప్పాలి.

అంటించే క్లిప్పులు, గుర్తుంచుకునే తీగ

1960ల దాకా ప్రతి పన్నుకూ ఒక లోహపు ఉంగరం తొడిగేవారు. నోరంతా ఇనుప సామాను. దీన్ని మార్చిన పరిశోధన మైఖేల్ బ్యునోకోర్‌ది. పన్ను మీద ఫాస్ఫారిక్ ఆమ్లం కొద్దిసేపు ఉంచితే పింగాణి పొర గరుకై, దాని మీద ప్లాస్టిక్ గట్టిగా అంటుకుంటుందని 1955లో చూపించాడు. ఇప్పుడు కుర్చీలో జరిగేది అదే. సాధారణంగా నీలం రంగులో ఉండే జెల్ పూసి, అర నిమిషంలోపు కడిగేస్తారు. గాలితో ఆరబెట్టగానే పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. గోరు కన్నా చిన్న బ్రాకెట్‌ను పటకారుతో అక్కడ ఆనించి, నీలి దీపం వెలుగు చూపిస్తే జిగురు గట్టిపడుతుంది. ఇందులో సూది లేదు, నొప్పి లేదు.

తీగల్లో పెద్ద మార్పు అమెరికా నౌకాదళ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ విలియం బ్యూలర్ తయారుచేసిన నికెల్, టైటానియం మిశ్రమాన్ని ఎంత వంచినా పాత ఆకారానికి తిరిగొస్తుంది. 1970ల మొదట్లో అయోవాకు చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని పళ్ళకు వాడాడు. నెలల తరబడి తక్కువ బలంతో లాగే తీగ రావడంతో నొప్పీ తగ్గింది, డాక్టరు దగ్గరికి తిరుగుళ్ళూ తగ్గాయి. అదే కాలంలో లారెన్స్ ఆండ్రూస్ ఏ చికిత్సా లేకుండానే చక్కగా ఉన్న 120 పళ్ళ నమూనాలను కొలిచి, ఏ పన్నుకు ఎంత వాలు కావాలో ఆ వాలును బ్రాకెట్‌లోనే పోతపోయించాడు.

పెద్దవాళ్ళు, ప్లాస్టిక్ తొడుగులు

వయసు దాటిందన్న మాట చికిత్సకు అడ్డు కాదు. ఎముక కరగడం, పుట్టడం జీవితాంతం సాగుతాయి కాబట్టి యాభై ఏళ్ళకైనా పన్ను జరుగుతుంది. కాకపోతే చిగుళ్ళు గట్టిగా ఉండాలి. చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గిన నోట్లో ముందు దానికి వైద్యం చేయాలి, తర్వాతే తీగ. దవడ ఎముక ఎదుగుదలను మలిచే అవకాశం మాత్రం పెద్దయ్యాక ఉండదు. ఎముకలోనే పెద్ద తేడా ఉంటే శస్త్రచికిత్సే దారి.

పెద్దవాళ్ళు వెనకాడింది ఎక్కువగా సిగ్గుతో. పెళ్ళిచూపుల ముందు క్లిప్పులేమిటని వాయిదా, పెళ్ళయ్యాక ఇంకెందుకని మరో వాయిదా. 1997లో జియా చిష్టీ, కెల్సీ వర్త్ స్థాపించిన అలైన్ టెక్నాలజీ ఈ సిగ్గునే మార్కెట్‌గా చూసింది. ఇద్దరూ దంతవైద్యులు కారు. పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్న చిష్టీకి, తర్వాత పెట్టుకునే పారదర్శకమైన తొడుగు పన్నును కాస్త జరుపుతోందని అనుభవంలో తెలిసింది. అలాంటివి వరసగా మారిస్తే చికిత్స అంతా చేయవచ్చు కదా అన్నది ఆలోచన. 1945లోనే హెరాల్డ్ కెస్లింగ్ ఇలాంటి ఊహ చేశాడు, కంప్యూటరు లేక అది ముందుకు సాగలేదు. ఒక్కో తొడుగు పన్నును మిల్లీమీటరులో పావు వంతు దాకా జరుపుతుంది, ఒకటి రెండు వారాలకొకటి మార్చాలి, రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తిన్నప్పుడల్లా తీసి మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయేవారికి ఇనుప తీగే నయం.

భారతదేశంలో

మన దేశంలో తొలి దంత కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించాడు. భారత ఆర్థోడాంటిక్ సంఘం 1965లో ఏర్పడింది. రేమండ్ బెగ్ రూపొందించిన క్లిప్పుల పద్ధతి ఇక్కడి కళాశాలల్లో చాలాకాలం రాజ్యమేలింది. బీడీఎస్ తర్వాత మూడేళ్ళ ఎండీఎస్ చదివినవారే ఈ విద్యలో నిపుణులు. బోర్డు మీద డిగ్రీ చూసి అడగడంలో తప్పులేదు. హైదరాబాదు, విజయవాడల ప్రభుత్వ దంత కళాశాలల్లో ప్రైవేటు ఆసుపత్రుల కన్నా తక్కువ ఖర్చుతో ఈ చికిత్స దొరుకుతుంది, వరస కోసం ఓపిక కావాలి.

తీసేశాక

క్లిప్పులు తీసిన రోజు ఫోటోలు దిగుతారు, చికిత్స అయిపోయిందనుకుంటారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లిటిల్ బృందం చికిత్స ముగిసిన ఎన్నో ఏళ్ళకు రోగులను మళ్ళీ పిలిచి కొలిచి, 1981లో ఫలితం ప్రకటించింది. మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్ళు సంతృప్తికరంగా లేవు. నిందను జ్ఞానదంతాల మీద వేయడం అలవాటే కానీ అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. వయసుతోపాటు పళ్ళు కొద్దికొద్దిగా ముందుకు జరగడం సహజం, క్లిప్పులు వేయించుకోని వాళ్ళకూ జరుగుతుంది. అందుకే నేడు, జరిపిన పళ్ళను పట్టి ఉంచే రిటైనర్‌ను ఏళ్ళ తరబడి, కనీసం రాత్రిళ్ళు, పెట్టుకోమంటున్నారు. పిల్లలు దాన్ని భోజనాల దగ్గర పేపరు నాప్కిన్‌లో చుట్టి పెట్టి, విస్తరితోపాటు పారేసి వస్తుంటారు. వేడినీళ్ళతో కడిగితే వంగిపోతుంది, చన్నీళ్ళే వాడాలి. గులాబీ రంగు ప్లాస్టిక్ పలక, ముందు పళ్ళ మీదుగా ఒక్క తీగ ఉండే ఆ రిటైనర్‌ను చార్లెస్ హాలీ 1919లో వివరించాడు. ఇప్పటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది.