గ్యాస్ శాంపిల్ పంపుతున్నారా? పచ్చ లేబుల్ ఉన్నా పీలిస్తే ప్రమాదమే!

పల్నాడు: మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు.. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు. ఈ బెల్టులో బట్టీ గ్యాస్‌ను పరీక్షించడం మామూలు పనే. అనలైజర్లను సరిచూసే కాలిబ్రేషన్ సిలిండర్లు రోడ్డు మీదే వచ్చిపోతుంటాయి. ల్యాబ్ దూరంగా ఉంటే శాంపిల్ కూడా బండెక్కాల్సిందే. మరి చిన్న డబ్బానే కదా అని పార్సిల్‌లో పడేయొచ్చా? కుదరదు. లోపల ఏ గ్యాస్ ఉందో ముందు తేల్చాలి.

మూడు రకాలు.. మూడు లేబుళ్లు

ఐక్యరాజ్యసమితి రవాణా నిబంధనల ప్రకారం గ్యాస్‌లన్నీ క్లాస్ 2 కిందకే వస్తాయి.

• 2.1: మండేవి. ఎర్ర లేబుల్, మంట బొమ్మ. గాలిలో 13 శాతం లేదా అంతకంటే తక్కువ కలిసినా అంటుకునే గ్యాస్ ఇందులోకే వస్తుంది.
• 2.2: మండనివి, విషం కానివి. పచ్చ లేబుల్, సిలిండర్ బొమ్మ. కార్బన్ డయాక్సైడ్ ఈ రకమే.
• 2.3: విషపూరితమైనవి. తెల్ల లేబుల్, పుర్రె గుర్తు. విష తీవ్రతను చెప్పే ఎల్‌సీ50 విలువ 5,000 పీపీఎం లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇందులో వేస్తారు.

కార్బన్ మోనాక్సైడ్ విలువ 3,760. పైగా 12.5 శాతం దగ్గరే అంటుకుంటుంది. అందుకే దానికి 2.3తో పాటు 2.1 లేబుల్ కూడా అంటించాలి.

అసలు మెలిక ఇక్కడే

నైట్రోజన్‌లో 1 శాతం కార్బన్ మోనాక్సైడ్ కలిపిన కాలిబ్రేషన్ సిలిండర్‌నే తీసుకోండి. లెక్క వేస్తే మిశ్రమం విలువ 3,76,000 పీపీఎం వస్తుంది. 5,000 కంటే చాలా ఎక్కువ. కాబట్టి రవాణాలో దానికి పచ్చ లేబులే. కానీ 1 శాతం అంటే 10,000 పీపీఎం! 1,200 పీపీఎం దగ్గరే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతోంది. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. లేబుల్ రవాణాకు మాత్రమే.. పీల్చడానికి భరోసా కాదు. మూసిన గదిలో వాల్వ్ తిప్పొద్దు.

ప్యాకింగ్ ఎలా?

ఒత్తిడి లేని శాంపిళ్లకు వేరే నంబర్లున్నాయి. మండేదైతే యూఎన్ 3167, విషపూరితమై మండేదైతే 3168, విషపూరితం మాత్రమే అయితే 3169. సిలిండర్‌లో కాకుండా పంపాలంటే గాలి చొరబడని గాజు లేదా లోహపు పాత్ర వాడి, బయట మరో గట్టి పెట్టె పెట్టాలి. విషం కాని వాటికి ఒక్కో ప్యాకేజీలో 5 లీటర్లు, విషపూరితమైన వాటికి 1 లీటరు మించకూడదు. మండనిదీ, విషం కానిదీ ఒత్తిడి లేకుండా సంచిలో ఉంటే క్లాస్ 2 నిబంధనలు వర్తించవు. గ్యాస్ ఏమిటో పూర్తిగా తెలియకపోతే, పంపేవారు తమకు తెలిసిన వివరాలను బట్టి తాత్కాలిక క్లాస్ రాయాలి.

మన దగ్గర చట్టాలేంటి?

సిలిండర్లకు 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఉన్నాయి. వాటిని నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో అమలు చేస్తుంది. రోడ్డు మీద ప్రమాదకర సరుకు తీసుకెళ్లే బండ్లకు 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం డ్రైవర్‌కు శిక్షణ ఉండాలి, సరుకు వివరాలు రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. నడికుడి, నరసరావుపేటల్లో రైలెక్కిద్దామనుకుంటే జాగ్రత్త. చెప్పకుండా ప్రమాదకర సరుకు తీసుకెళ్తే రైల్వే చట్టం సెక్షన్ 164 కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఇవి మర్చిపోవద్దు

• ఖాళీ సిలిండర్‌లోనూ గ్యాస్ మిగిలే ఉంటుంది. శుభ్రం చేసేదాకా పాత లేబుల్ తీయొద్దు.
• వాల్వ్‌కు మూత బిగించాలి. బండిలో దొర్లకుండా నిలబెట్టి కట్టాలి.
• లీకైతే గాలి వచ్చే వైపుకు దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి. పడిపోయిన మనిషి కోసం లోపలికి పరిగెత్తొద్దు.

లోపల ఏముందో పంపేవాళ్లకే తెలుసు. మోసే డ్రైవర్‌కు, పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసేది లేబుల్ ద్వారానే.