పులిసే రసానికి ఏ పాత్ర? సీసం నేర్పిన పాఠం

ఇంట్లో ద్రాక్షరసం పులియబెట్టే వీడియోలు ఈమధ్య మీ ఫోన్లో కూడా కనబడే ఉంటాయి. వాటి కింద ఎక్కువగా కనిపించే ప్రశ్న ఒకటే. ప్లాస్టిక్ డబ్బానా, గాజు సీసానా, స్టీలు బిందెనా? చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు. కానీ చరిత్ర చూస్తే, ఈ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పుకుని ఊళ్లకి ఊళ్లే మంచాన పడ్డాయి. ఈరోజు ఆ కథే చెప్తాను. ముందే ఒక మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది తయారీ పాఠం కాదు, చరిత్ర పాఠం.

మొదట జార్జియా వెళ్దాం. అమెరికాలోది కాదు, నల్లసముద్రం పక్కనున్న దేశం. దాని రాజధాని త్బిలిసికి దక్షిణాన తవ్వకాల్లో కొన్ని కుండ పెంకులు దొరికాయి. వాటిలో ద్రాక్షరసం ఆనవాళ్లు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పెంకుల వయసు దాదాపు 8,000 ఏళ్లు! అక్కడ ఇప్పటికీ క్వెవ్రి అనే పెద్ద మట్టి కాగులు వాడతారు. వాటిని మెడ దాకా భూమిలో పాతిపెడతారు. ఎందుకంటే నేల లోపల చల్లదనం పెద్దగా మారదు, రసం నిదానంగా పులుస్తుంది. మట్టి రసాన్ని పీల్చేయకుండా లోపల తేనెమైనం పూస్తారు. ఈ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పులిసిన రసం అంటే ఆమ్లం. ఆమ్లం ఊరికే కూర్చోదు, తను ఉన్న పాత్రని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. మనవాళ్లకి ఇది బాగా తెలుసు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే అమ్మమ్మలు ఊరుకుంటారా? ఆవకాయని జాడీలో పెట్టేదీ అందుకే కదా.

రోమన్లకి కూడా ఇది తెలుసు, కానీ సగమే తెలుసు. వాళ్లు ద్రాక్షరసాన్ని బాగా మరగబెట్టి, చిక్కటి పాకంలా చేసి వైన్‌లో కలిపేవాళ్లు. తీపి కోసం, నిల్వ కోసం. మరి ఏ పాత్రలో కాచాలి? మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పుస్తకం రాసిన కొలుమెల్ల ఏమన్నాడంటే, కంచు పాత్రలో కాస్తే చిలుము దిగి రుచి చెడుతుంది, సీసం పాత్ర మేలు అన్నాడు. అంటే రాగి విషం నుంచి తప్పించుకోబోయి సీసం విషంలో పడ్డారన్నమాట. పైగా సీసం ఆమ్లంతో కలిస్తే వచ్చే లవణం తియ్యగా ఉంటుంది. చిలుము అయితే నాలుకకి వెంటనే తెలిసిపోతుంది. సీసం మాత్రం రుచి పెంచినట్టే అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని డెవన్ అనే ప్రాంతానికి వద్దాం. అక్కడ ద్రాక్ష కాదు, ఆపిల్. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే సైడర్‌ని కూలీల దగ్గర్నుంచి అందరూ తాగేవాళ్లు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో అక్కడ ఒక వింత జబ్బు వచ్చేది. భరించలేని కడుపునొప్పి, ఆ తర్వాత చేతులు పడిపోవడం. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1724లో ఆపిల్ విపరీతంగా కాసింది, జబ్బు కూడా విపరీతంగా వచ్చింది. డాక్టర్ హక్స్‌హామ్ లాంటి పెద్దవాళ్లు సైడర్‌లోని పులుపే కారణం అన్నారు.

1767లో జార్జ్ బేకర్ అనే డాక్టర్ వేరేలా ఆలోచించాడు. ఆయన కూడా డెవన్‌వాడే. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా సింపుల్. హియర్‌ఫర్డ్‌లోనూ సైడర్ తాగుతున్నారు కదా, మరి వాళ్లకి ఈ జబ్బు ఎందుకు లేదు? రెండుచోట్లా పనిముట్లు పోల్చి చూశాడు. డెవన్‌లో ఆపిల్స్ పిండే రాతి తొట్ల అతుకులకి సీసం వాడుతున్నారు. హియర్‌ఫర్డ్‌లో అలా వాడట్లేదు. గంధకంతో పరీక్ష చేస్తే డెవన్ సైడర్ నల్లబడింది, రెండోది నల్లబడలేదు. అంటే జబ్బు రసంలో లేదు, పాత్రలో ఉంది!

మరి ఊరివాళ్లు ఆయనకి దండ వేశారా? లేదు, తిట్టారు. సైడర్ వాళ్ల బతుకుతెరువు కదా. అయినా నెమ్మదిగా సీసం తీసేశారు, జబ్బు కూడా తగ్గుతూ వచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది ఇదే. తన ఊరి మీద ప్రేమ ఉన్నవాడే, ఊరికి నచ్చని నిజం చెప్పాడు.

గాజు వచ్చాక విషం గొడవ తీరింది, ఇంకో గొడవ మొదలైంది. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దానికి దారి లేకపోతే సీసా పేలుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని షాంపేన్ నేలమాళిగల్లో పనివాళ్లు ముఖానికి ఇనుప ముసుగులు పెట్టుకుని తిరిగేవాళ్లు. పోనీ మూత తెరిచి ఉంచితే? గాలి తగిలి వెనిగర్ అయిపోతుంది. గాలిలోని సూక్ష్మజీవుల పని అదేనని 1860ల్లో పాశ్చర్ వివరించాడు. లోపలి గ్యాస్ బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. నీళ్లతో పనిచేసే చిన్న ఎయిర్‌లాక్ గొట్టం చేసే పని ఇదే.

కాబట్టి పాత్ర విషయంలో చరిత్ర మనల్ని అడిగే ప్రశ్నలు మూడు. ఇది పులుపుకి కరుగుతుందా? గ్యాస్‌కి దారి ఉందా? గాలికి అడ్డు ఉందా? గాజు, మంచి స్టెయిన్‌లెస్ స్టీల్, ఆహారం కోసమే చేసిన ప్లాస్టిక్ ఈ పరీక్షలో నిలబడతాయి. రాగి, ఇత్తడి, అల్యూమినియం నిలబడవు. ఇక మెరిసే గ్లేజు వేసిన పాత పింగాణీ ఉంది చూశారూ, దాంతో ఇంకా జాగ్రత్త. ఆ మెరుపులో సీసం ఉండొచ్చు.

ఇది వైన్‌కే కాదండోయ్. పచ్చడికీ, పెరుగుకీ, పులిహోర గుజ్జుకీ ఇదే లెక్క. ఈసారి వంటింట్లోకి వెళ్లినప్పుడు పులుపు దేంట్లో పెట్టారో ఒక్కసారి చూడండి. రుచి బాగుంది కదా అని పాత్ర మంచిదే అనుకోవద్దు. రోమన్లు కూడా అలాగే అనుకున్నారు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.