పరాయి యుద్ధాలు – వార్ధా వాదోపవాదాలు

చంద్రపూర్ నుండి నాగపూర్ వైపు రైలులో వెళ్ళేవారికి వరోరా, హింగణ్‌ఘాట్ దాటిన తరువాత సేవాగ్రామ్ స్టేషను వస్తుంది. వార్ధా పట్టణం దాని చెంతనే ఉన్నది. 1939 ఆగస్టులో, రెండవ ప్రపంచ యుద్ధం ఇంకా ఆరంభం కాకముందే, అక్కడ సమావేశమైన కాంగ్రెస్ కార్యవర్గం ఒక అభ్యంతరాన్ని తీర్మానరూపంలో ప్రకటించింది. శాసనసభ సమ్మతి లేకుండా భారత సైనికులను ఈజిప్టుకు, సింగపూరుకు తరలించడం తగదన్నది. నిరసనగా కేంద్ర శాసనసభ తదుపరి సమావేశానికి హాజరు కావద్దని కాంగ్రెస్ సభ్యులను కోరింది. సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ సంప్రదించకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించిన ఘట్టం అందరికీ తెలిసినదే. దానికి ముందరి ఈ తీర్మానాన్ని తలచుకొనేవారు అరుదు.

వివాదం మాత్రం ఇంకా పాతది. భారత సరిహద్దుల వెలుపల జరిగే సైనిక చర్యలకు, దండయాత్రను ఎదుర్కొనడం వంటి అత్యవసర సందర్భాలలో తప్ప, బ్రిటిష్ పార్లమెంటు ఉభయసభల సమ్మతి లేనిదే భారత ఆదాయాన్ని వెచ్చించరాదని 1858 నాటి చట్టంలో 55వ సెక్షను చెప్పింది. నిబంధన మంచిదే. అయితే సమ్మతి ఇవ్వవలసింది లండనులోని సభలు. పన్ను కట్టవలసింది ఇక్కడి రైతు. 1878లో ఆఫ్ఘన్ యుద్ధ వ్యయాన్ని భారతదేశంపై మోపడాన్ని పార్లమెంటులోనే హెన్రీ ఫాసెట్ ఎదిరించారు. 1882లో అలెగ్జాండ్రియా నగరంపై ఫిరంగులు పేల్చినందుకు జాన్ బ్రైట్ మంత్రిపదవినే వదులుకొన్నారు. ఇంగ్లీషువారందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోవడం పొరపాటు.

1885 నవంబరులో ఎగువ బర్మాపై దండయాత్ర సాగింది. డిసెంబరు చివరివారంలో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ తొలి మహాసభ ఆ విలీనం కూడదని తీర్మానించింది. కొద్ది రోజులకే, 1886 జనవరి 1న, విలీనం ప్రకటితమైంది! తరువాతి కాలంలో కోస్తా జిల్లాల నుండి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్ళినది ఆ బర్మాకే. చరిత్రలో ఇటువంటి చిక్కుముడులు చాలా ఉన్నవి. 1891లో నాగపూర్ కాంగ్రెసుకు చిత్తూరు ప్రాంతీయుడైన పనప్పాకం ఆనందాచార్యులు అధ్యక్షత వహించారు. సైనిక వ్యయభారం ఆనాటి కాంగ్రెసు పదే పదే చెప్పుకొన్న మొర.

తిరిగి వార్ధాకు వద్దాము. 1939 సెప్టెంబరులో అక్కడ కార్యవర్గం మళ్ళీ కూడినప్పుడు హిట్లరు దురాగతాన్ని ఖండించడంలో భేదాభిప్రాయం లేదు. తరువాత ఏమి చేయాలన్నదే ప్రశ్న. అహింసాయుతమైన నైతిక మద్దతును బ్రిటనుకు బేషరతుగా ఇవ్వాలన్నారు గాంధీజీ. ఆ అభిప్రాయంతో తాము ఒంటరిగా మిగిలినట్లు వారే చెప్పుకొన్నారు. చైనా పర్యటన నుండి హుటాహుటిన వచ్చిన నెహ్రూ, యుద్ధలక్ష్యాలేమిటో, స్వాతంత్ర్యం మాటేమిటో ముందు తేల్చమన్నారు. ప్రత్యేకాహ్వానంపై వచ్చిన సుభాస్ చంద్ర బోసు వెంటనే పోరాటం ప్రారంభించాలన్నారు. అంతకు కొన్ని నెలల ముందే అధ్యక్ష ఎన్నికలో బోసు చేతిలో ఓడిన మన పట్టాభి సీతారామయ్య అప్పటి కార్యవర్గ సభ్యులు. చివరికి సెప్టెంబరు 14న నెహ్రూ వ్రాసిన తీర్మానమే నెగ్గింది. నాకు ఆ తీర్మానం కంటె, అంతటి నాయకులు ఎదురెదురుగా కూర్చుండి విభేదించుకొన్న తీరే గొప్పగా తోస్తుంది.

వైస్రాయి సమాధానం తృప్తినివ్వలేదు. మంత్రివర్గాలు రాజీనామా చేయాలన్న నిర్ణయం అక్టోబరులో వెలువడినదీ వార్ధాలోనే. ప్రకాశం, వి.వి. గిరి మంత్రులుగా ఉన్న మద్రాసు ప్రభుత్వమూ, మన చాందా జిల్లా అప్పుడు చేరియున్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో రవిశంకర్ శుక్లా ప్రభుత్వమూ గద్దె దిగాయి. 1940 అక్టోబరు 17న వార్ధా సమీపంలోని పౌనార్‌లో వినోబా భావే యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించి, తొలి వ్యక్తి సత్యాగ్రహి అయ్యారు. ఫాసిజాన్ని ఓడించడమే ముందని నమ్మి యుద్ధాన్ని సమర్థించిన ఎం.ఎన్. రాయ్ వంటివారూ ఉన్నారు. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ రష్యాపై దాడి చేసిన పిమ్మట కమ్యూనిస్టులు సైతం తమ వైఖరి మార్చుకొన్నారు. వారినందరినీ దేశద్రోహులనడం న్యాయం కాదు.

సుమారు 2 లక్షలుగా ఉన్న సైన్యం యుద్ధాంతానికి 25 లక్షలయింది. విదేశాలలో అయ్యే ఖర్చును ఈసారి బ్రిటన్ భరిస్తానన్నది. కాని ఆ సొమ్ము లండనులో ఖాతాలో జమ అవుతూ ఉంటే ఇక్కడ నోట్లు అచ్చయ్యాయి, ధరలు మండిపోయాయి. 1942 ఆగస్టు 16న మన జిల్లాలోని చిమూరులో పోలీసు కాల్పులు, అధికారుల హత్యలు, వెనువెంటనే సైన్యం రాక – క్విట్ ఇండియా నాటి ఆ రోజులను ఇక్కడివారు మరువలేదు.

యుద్ధం ముగిసినా ప్రశ్న ముగియలేదు. 1945 నవంబరులో ఇండోనేషియాలోని సురబయా నగరంలో అక్కడి స్వాతంత్ర్యయోధులపైకి బ్రిటిష్ సేనాపతులు నడిపించినది ఎక్కువగా భారత సైనికులనే. నెహ్రూ తీవ్రంగా నిరసించారు. ఆ సైనికులలో కొందరు ఇండోనేషియా పక్షానికి వెళ్ళిపోయారు. 1946 సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. నవంబరు ముగిసేసరికి మన దళాలు ఇండోనేషియాను విడిచి వచ్చాయి.