మిర్చి ధరల వెబ్ యాప్

చూసేవారు మార్కెట్ ధరల పట్టికలోంచి తమకు కావలసిన మిర్చి రకాన్ని, తేదీలను ఎంచుకోగానే గ్రాఫును మార్చి చూపే చిన్న ప్రోగ్రాం ఇది. 2019లో విడుదలైన స్ట్రీమ్‌లిట్ అనే లైబ్రరీతో దీన్ని పైథాన్‌లో కొద్ది వరుసల్లోనే రాయవచ్చు. ఎంపిక మార్చిన ప్రతిసారీ ప్రోగ్రాం మొదటి నుంచి నడుస్తుంది కాబట్టి, ఒకసారి చదివిన డేటాను క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంచకపోతే పేజీ నత్తనడక నడుస్తుంది. అసలు కష్టం మాత్రం కోడ్‌లో లేదు, ఏం చూపాలన్న నిర్ణయంలో ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు తేజ, 334, బాడిగ రకాలు వస్తాయి. రంగు పోయిన తాలు కాయల లెక్క వేరు. వీటన్నిటికీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు యార్డులో ఏ టిక్కీ (మిర్చి బస్తా) అమ్ముడుపోదు. ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్ కూడా క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ ధరలను, ఎక్కువ సరుకు పలికిన ధరను విడివిడిగా ఇస్తుంది. యాప్ ఆ మూడింటినీ ఉంచాలి.

ఇన్ని అంకెలు రైతును గందరగోళపెడతాయని కొందరంటారు. కానీ తేమను, రంగును బట్టి ధర తేడా వస్తుందని పర్చూరు, మార్టూరు ప్రాంతాల మిర్చి రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అతనికి కావలసింది ఆ తేడా ఎంతన్నదే. ధరలు వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయిగా అన్న అభ్యంతరంలో నిజం ఉంది. కానీ ఆ సందేశం ఈరోజు ధరే చెబుతుంది; సరుకును కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా, అమ్మాలా అని ఆలోచించేవారికి గత సీజన్ల గమనం కావాలి. అయితే రేపటి ధరను ఈ గ్రాఫు చెప్పదు. సెలవు రోజుల ఖాళీలను గీతతో కలిపేయకుండా ఖాళీగానే చూపాలి. రకం, తేదీ, యార్డు పేరు లేని ధరను రైతు ముందు పెట్టకూడదు.