ఆటల కంప్యూటరుకు లినక్సు ఎంపిక

ఇంట్లో ఆటలకు వాడే కంప్యూటరులో విండోస్‌కు బదులుగా లినక్సు ఆధారిత నిర్వాహక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టం)ను స్థాపించుకోవచ్చును. లినక్సు కెర్నలుకు అవసరమైన సాఫ్టువేర్లను జతచేసి అందించే రూపాన్ని పంపకం అంటారు. ఉబుంటు, లినక్సు మింట్, ఫెడోరా వీటిలో ప్రసిద్ధమైనవి. ఏ పంపకం మంచిదని కొత్తవారు మొదట అడుగుతారు. కాని ఏ ఆటలు ఆడదలచారన్నదే అసలు ప్రశ్న.

సికింద్రాబాదులో పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటరు విడిభాగాల అంగళ్ళకు పేరొందినది. ఇటువంటి చోట ప్రాసెసరు, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు విడివిడిగా ఎంచుకొని కంప్యూటరును కూర్పించుకొంటారు. విండోస్ లైసెన్సు వీటిలో భాగం కాదు, దానిని వేరుగా కొనాలి. కనుక నిర్వాహక వ్యవస్థ ఏదన్నది కొనేవారి ఇష్టమే. గ్రాఫిక్స్ కార్డు దీనిపై ఆధారపడుతుంది కాబట్టి, అంగడికి వెళ్ళకముందే తేల్చుకోవడం మేలు.

ఆటలు

వాల్వ్ సంస్థ 2013లో లినక్సుకు స్టీమ్‌ను విడుదల చేసింది. విండోస్ ఆటలను లినక్సుపై నడిపే ప్రోటాన్ 2018లో వచ్చింది. దీనికి 1993లో మొదలైన వైన్ ఆధారం. 2022లో వెలువడిన స్టీమ్ డెక్ కూడా లినక్సుపైనే నడుస్తుంది. ఒక్కరే ఆడుకొనే ఆటలలో అధికభాగం ఇప్పుడు ప్రోటాన్ ద్వారా నడుస్తాయి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 ఆటలకైతే నేరుగా లినక్సు రూపాలే కలవు.

చిక్కంతా ఆన్‌లైను పోటీ ఆటలతోనే. మోసాన్ని అరికట్టే కొన్ని సాఫ్టువేర్లు విండోస్ కెర్నలు లోపల పనిచేస్తాయి. వాలొరంట్ ఆటలోని వాన్‌గార్డ్ ఇటువంటిదే. అందువలన ఆ ఆట లినక్సుపై నడవదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. అపెక్స్ లెజెండ్స్ కొంతకాలం నడిచినా, 2024లో దాని నిర్మాతలు లినక్సు వాడుకరులను నిలిపివేశారు. స్నేహితులతో వాలొరంట్ ఆడడమే ముఖ్యమైతే ఏ పంపకమూ అక్కరకు రాదు, విండోస్‌ను ఉంచుకోవలసిందే.

గ్రాఫిక్స్ కార్డు

ఏఎండీ కార్డులకు కావలసిన స్వేచ్ఛా డ్రైవర్లు పంపకాలతోనే వస్తాయి. ఎన్విడియా కార్డులకు ఆ సంస్థ డ్రైవరును విడిగా స్థాపించవలసి రావచ్చును. ఉబుంటు, మింట్‌లలో ఈ పని మౌస్ నొక్కులతోనే జరుగుతుంది.

పంపకాలు

విండోస్‌కు అలవాటుపడినవారికి లినక్సు మింట్ సులువైనది. దాని మెనూ, కిందిపట్టీ పరిచితంగా తోస్తాయి. ఉబుంటుకు సహాయ సమాచారం విస్తారంగా దొరుకుతుంది. మరీ కొత్త కార్డు ఉన్నవారికి, కెర్నలును త్వరగా నవీకరించే ఫెడోరా అనుకూలం. ఫెడోరాపై నిర్మించిన బజైట్ స్టీమ్‌తో సహా ఆటలకు సిద్ధంగా లభిస్తుంది. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు పంపకాన్ని రూపొందించింది గాని, అది ఆటలకు ఉద్దేశించినది కాదు.

ఉబుంటు, మింట్, ఫెడోరాలను స్థాపించకుండానే యూఎస్‌బీ నుండి నడిపి, తెర, శబ్దం, వైఫై సరిగా ఉన్నాయో లేదో చూడవచ్చును. విండోస్‌ను కూడా ఉంచుకొనేవారు స్టీమ్ ఆటలను ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగంలో కాక లినక్సు విభాగంలోనే ఉంచాలి. లేనిచో ప్రోటాన్ ఆటలు కొన్ని తెరుచుకోవు.